మా భద్రక్క గోధుమ రొట్టెలు

మా అక్క భద్రమ్మ జొన్నరొట్టె తడుతుంటే ఆ చప్పుడు నాలుగిళ్ళ అవతలికి వినిపించేది. సూర్యాపేట ఊరి చివర మా కురుమవాడలో ఆ చప్పుడు విని పొద్దెంతయిందో చెప్పే ముసలివాళ్ళుండేవారు. పిండిలో మరిగే నీళ్ళు పోసి, చేతులు కాలుతున్నా ఆగకుండా పిసికి, వెంటనే పీట మీద వేసి తట్టేది. జొన్నపిండి ఆగదు. కాసేపు పక్కన పెడితే రొట్టె అంచులు పగులుతాయి. అక్క స్వభావమూ అంతే. పనైనా మాటైనా వేడి మీదే. పెళ్ళయి వేములపల్లి నుంచి ఈ వాడకు వచ్చిన కొత్తలోనే అత్తగారి ఎదుట మొగుణ్ణి పట్టుకుని, "నీ గొర్రెలకున్న తెలివి నీకు లేదు" అన్నదట. అత్తగారు కోపం తెచ్చుకోవడానికి బదులు నవ్విందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

అమ్మా నాయనా పోయాక నేను అక్క దగ్గరే, ఆమె పిల్లలతో పాటు పెరిగాను. మార్కెట్లో ధాన్యం బస్తాల మూతులు కుట్టే పని చేస్తూ, దొరికిన పుస్తకం చదువుకునేవాణ్ణి. మా బావ గట్టయ్యకు నా చదువంటే వేళాకోళం.

"ఏం బామ్మర్దీ, ఇయ్యాల పుస్తకం ఏమంటున్నది?"

"దున్నేటోనిదే భూమి అంటున్నది బావా."

"మరి మేపేటోనిదే గొర్రె అని రాయలేదా? గొర్రెలు ఎప్పటినుంచో నాయే. నాకు కొత్తగ ఇచ్చేదేముందిరా!"

అక్క పొయ్యి దగ్గర నుంచే అందుకునేది. "నీకు కొత్తగ ఇయ్యాల్సింది సిగ్గు. అది ఏ పుస్తకంల దొరుకుతదో సూడు తమ్మీ."

బావ పగలబడి నవ్వేవాడు. నెమ్మదస్తుడు, పిరికివాడు, ఎవరికీ చెడు కోరనివాడు. ఆ మాట మొదటే రాస్తున్నాను, ఎందుకంటే తర్వాత రాయబోయేది చదివితే ఎవరూ నమ్మరు.

మా పక్కిల్లు ఆండాళమ్మది. బావకు చిన్నమ్మ వరస, మాకు అత్త. ఆమె ఒక్క కొడుకు సత్తయ్య దొరల మీద తిరగబడ్డ సంఘంలో ఉండేవాడు, ఊళ్ళ మధ్య కబుర్లు చేరవేసేవాడు. యూనియన్ సైన్యం వచ్చి రజాకార్లు పారిపోయినప్పుడు మా వాడంతా కల్లు తాగి చిందులేసింది. ఆ మత్తు దిగకముందే ఊళ్ళ బయట ఆ సైన్యం క్యాంపులు పడ్డాయి. సంఘం వాళ్ళను వెతకడం మొదలైంది. రాజ్యం మారిందని పత్రికల్లో చదివి సంబరపడిన నాలాంటివాళ్ళకు, తలుపు తట్టే పద్ధతి మాత్రం మారలేదని తెలిసింది.

వరికోతలయ్యాక మా వాళ్ళు మందలు తోలుకుని మిర్యాలగూడ దిక్కు పోతారు. కోసిన మళ్ళలో మంద కడితే రైతుకు ఎరువు, మాకు గింజలు. నలభై తొమ్మిది మొదట్లో సత్తయ్య పాలకీడు దగ్గర ఎవరిదో మందలో గొంగడి కప్పుకుని కాపరిలా తిరుగుతున్నాడు. ఆ సంగతి తెలిసిన కొద్దిమందిలో బావ ఒకడు. నాకు తెలియదు.

బావను మంద దగ్గర నుంచే క్యాంపుకు పట్టుకుపోయారు. వారం తిరగకముందే వదిలేశారు. ముఖం ఒకవైపు ఉబ్బిపోయి, దవడ కింద నుంచి నెత్తి మీదికి గుడ్డ కట్టుకుని ఇంటికి వచ్చాడు. మాట సరిగా రావడం లేదు. మరునాడే సత్తయ్య పట్టుబడ్డాడని తెలిసింది.

ఈ రెండింటినీ కలిపి ఆలోచించినవాళ్ళు వాడలో లేకపోలేదు. కాని బావ దవడ చూశాక ఎవరికీ నోరు రాలేదు. "సెప్పినోని దవడ ఎందుకు ఇరగ్గొడ్తరు?" అన్నారు కులపెద్దలు. ఆ ప్రశ్నకు జవాబు లేదు కనుక బావ పెద్దమనిషయ్యాడు. ఒళ్ళు హూనమైనా పేరు బయటపెట్టని మనిషని మార్కెట్లో నేనే అందరికీ చెప్పుకుని తిరిగాను.

వాపు తగ్గింది. గుడ్డ మాత్రం అలాగే ఉంది. నమిలితే ప్రాణం పోతోందని బావ అన్నాడు. అక్క అంబలి కాచి పోసేది. రోజంతా గొర్రెల వెంట తిరిగే మనిషికి అంబలి ఎంతసేపు ఆగుతుంది? అడవికి పోయేవాడు మూట కట్టుకునేది రొట్టెనే. బావ చిక్కిపోతుంటే అక్కకంటే ఎక్కువగా ఆండాళత్త బాధపడింది. తన బర్రె పాలు పొద్దున్నే మా గడప మీద పెట్టి పోయేది.

"నా కొడుకును కాపాడబోయి గిట్లయిండు. సత్తి వచ్చేదాక నాకు గట్టయ్యే కొడుకు" అనేది. బావ తల దించుకుని పాలు తాగేవాడు. ఎంత మర్యాద తెలిసిన మనిషి అనుకున్నాం.

కోదాడలో రోడ్డు పక్క ఆగే లారీల వాళ్ళు గుడ్డలా మడతపడే గోధుమ రొట్టెలు తింటారని ఆండాళత్తకు గుర్తొచ్చింది. ఆమె చెల్లెలు సుందరమ్మను అక్కడే ఇచ్చారు. కబురు పెడితే గోధుమపిండి వచ్చింది. మా వాడలో ఎవరూ అంతవరకు గోధుమపిండి తడిపిన పాపాన పోలేదు. అక్కకు తెలిసిన రొట్టె ఒకటే. నీళ్ళు మరగబెట్టి పిండిలో పోసింది, పిసికింది, క్షణం ఆగకుండా పీట మీద వేసి తట్టింది. పిండి సాగి సాగి వెనక్కి ముడుచుకుంటోంది. "ఇదేం పిండి, మొండి దున్న లెక్కున్నది" అని తిట్టుకుంటూ మరింత గట్టిగా తట్టింది. పెంక మీద వేసి, జొన్నరొట్టెకు చేసినట్టే పైన తడిచెయ్యి రాసింది. దించాక నిప్పుల పక్కన నిలబెట్టి ఎండబెట్టింది. నా చేతికిస్తే నేను విరవబోయాను. విరగలేదు, చినగలేదు. మెలితిప్పాను. తోలు.

"నా శాతగాదు. కుక్కకు వెయ్యి" అని అక్క వాటిని గంపలో పడేసి, కళ్ళు తుడుచుకుంది. ఆమె చేతి రొట్టె అలా కావడం నేను చూడటం అదే మొదలు.

మధ్యాహ్నం ఇద్దరం బాయి నుంచి నీళ్ళు తెస్తున్నాం. దొడ్డి తడక సందులోంచి ఎవరో కూర్చున్నట్టు కనిపించింది. అక్క ముందు, నేను వెనక. ఆమె ఆగిపోయింది. బావ గొర్రెల మధ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు. దవడ గుడ్డ మెడ మీదికి జారి ఉంది. ఆ తోలు రొట్టెను రెండు చేతులా పట్టుకుని, పళ్ళతో లాగి, చీల్చి, నములుతున్నాడు. దవడలు రెండూ చకచకా ఆడుతున్నాయి. ఎన్నాళ్ళ ఆకలో.

నేను అడుగు ముందుకు వేయబోయాను. అక్క మోచేత్తో ఆపింది. వెనక్కి పది అడుగులు వేసి, కావాలని బిందె రాయికి తగిలించి చప్పుడు చేసింది. లోపల గుడ్డ సర్దుకుంటున్న అలికిడి వినిపించింది. అప్పుడు మళ్ళీ నడిచింది. మొగుడికి సిగ్గు దాచుకునే వ్యవధి అక్క ఇవ్వడం చూసి నాకే భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

నీళ్ళు దించి, దొడ్లోకి పోయి బావ ఎదుట కూర్చుంది.

"నమిలినవ్" అంది.

బావ గుడ్డ ముడి బిగించుకున్నాడు.

"సూసినం. నేనూ, తమ్ముడూ. ఇగ సెప్పు."

బావ నోరు విప్పాడు. మాట ఇప్పుడు స్పష్టంగా ఉంది. "నా ముందల ఒకన్ని కొట్టిండ్రు. ఎవరో తెల్వదు, పాలకీడు దిక్కోడు. దవడ పలిగిన సప్పుడు ఇన్న భద్రా. కట్టె ఇరిగినట్టే. నన్ను ఒక్కటే కొట్టిండ్రు, సెంప మీద. ఇంకోటి కొడుతరేమోనని... నేనే సెప్పిన. ఆళ్ళు అడగకముందే సెప్పిన."

"మరి దవడ?"

"నేను ఇరిగిందని ఎవనికి సెప్పలే. వాడోళ్ళే అన్నరు."

"వాళ్ళన్నరు. నువ్వు గుడ్డ కట్టుకున్నవ్."

నేను నోటికొచ్చినట్టు తిట్టాను. పుస్తకాల్లో నేర్చుకున్న పెద్ద పెద్ద మాటలన్నీ వాడాను. బావ అన్నీ విన్నాడు. చివరికి, "నీదాక వస్తే తెలుస్తది బామ్మర్దీ" అన్నాడు మెల్లగా.  నాకు ఇప్పటికీ మండేది ఆ మాటకే.

ఆండాళత్తకు చెప్పేద్దామన్నాను. అక్క నా చెయ్యి పట్టుకుంది. "సంఘపోళ్ళకు తెలిస్తే బతకనిస్తరా ఈయనను? పిల్లలకు నాయన ఉండడు." అది నిజమే. క్యాంపుకు కబురు చెప్పినవాళ్ళను ఏం చేస్తారో ఆ రోజుల్లో ఊరూరా వినేవాళ్ళం. పొద్దున ఆండాళత్త పాలు తెచ్చింది. అక్క చేతులు చాచి తీసుకుంది.

కొద్ది రోజులకు సుందరమ్మత్త కోదాడ నుంచి వచ్చింది. మిగిలిన తోలు రొట్టెను చూసి పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఓసి నీ తెలివి తెల్లారా! ఇది రొట్టెటే కోడలా? చట్రానికి బిగిస్తే డప్పు వాయించుకోవచ్చు. వేన్నీళ్ళు పోశావా? పోసి వెంటనే కొట్టావా? జొన్నపిండి అనుకున్నావేంటి! దీన్ని చన్నీళ్ళతో తడిపి, తడిగుడ్డ కప్పి, నువ్వు వెళ్ళి నీ పని చూసుకోవాలి. అది నానాలి. నువ్వు తొందరపడితే అది బిగుసుకుంటుంది."

"ఎంతసేపు?" అంది అక్క.

"నీకు విసుగొచ్చినంతసేపు. ఆ తర్వాత ఇంకాసేపు."

ఖాళీ సీసాతో ఎలా వత్తాలో, పెంక బాగా కాగాక ఎలా వెయ్యాలో, పొంగగానే ఎలా దించి గుడ్డలో చుట్టాలో చూపించింది. పాలతో తడిపితే మరునాటికీ మెత్తగా ఉంటుందని చెప్పింది. అక్క ఒక్క మాట మాట్లాడకుండా నేర్చుకుంది. మనసు పెట్టి నేర్చుకుందో, మనసును ఎక్కడో పెట్టుకోవడానికి నేర్చుకుందో నాకు తెలియదు. నెల తిరిగేసరికి ఆమె రొట్టె అరచేతి మీద వేస్తే వేళ్ళ సందుల్లోకి వాలిపోయేది.

ఆ రొట్టెకు చప్పుడు లేదు. మా ఇల్లు మూగబోయింది. పిండి నానుతున్నంతసేపు అక్క దాని ముందు ఊరికే కూర్చునేది. అంతకు ముందు అలా కూర్చోవడం ఆమెకు తెలియదు. వాడలో ఆడవాళ్ళు ఆ రొట్టెలు చూడటానికి వచ్చేవారు.

"ఏందే భద్రమ్మా, గోధుమ రొట్టెల దొరసానివైనవ్! జర మాకూ నేర్పరాదు?"

"మీ మొగోళ్ళ దవడలు మంచిగున్నయి గద. మీకెందుకు?" అనేది అక్క. వాళ్ళు పాపం, పాపం అని పోయేవారు.

ఉన్ని కత్తిరించిన నాడు కులమంతా కలిసి తింటారు. ఆ ఏడు బావను పెద్దల వరసలో కూర్చోబెట్టారు. అందరికీ జొన్నరొట్టె, మాంసం. బావకు మాత్రం అక్క చేసిన గోధుమ రొట్టె. ఆండాళత్త దాన్ని తన చేత్తో ముక్కలు చేసి, పాలల్లో నానేసి, పసివాడికి పెట్టినట్టు అందించింది. బావ మింగాడు. మాంసం వాసనకు అతని గొంతు కదలడం నేను చూశాను. అక్క వడ్డిస్తూ వడ్డిస్తూ గిన్నె నా చేతికిచ్చి ఇంటి వెనక్కి పోయింది. వెళ్ళి చూస్తే గోడకు నుదురు ఆనించి నిలబడి ఉంది.

"ఎన్నాళ్ళక్కా?" అన్నాను.

"తెల్వదు. ఆమె పాలు తేకుంటే బాగుండు. తిడితే బాగుండు."

వానాకాలం మొదట్లో జైలు నుంచి విడుదలైన ఒకతను ఆండాళత్తకు కబురు తెచ్చాడు. సత్తయ్య పట్నం జైల్లో ఉన్నాడు. చూడటానికి అనుమతి వచ్చింది. ఆ మాటతో ఆమె మా ఇంట్లోకి పరుగున వచ్చింది. చేతిలో పాల చెంబు. ఏడుస్తూ, నవ్వుతూ ఉంది.

"బిడ్డా భద్రమ్మా! సత్తి బతికే ఉన్నడే. కాని క్యాంపుల కొట్టిండ్రట. మన గట్టయ్య లెక్కనే వానికి గూడ దవడ పలిగిందట. ఎంత కొట్టినా ఇంకోని పేరు సెప్పలేదట. జైలు రొట్టె నమలలేక నీళ్ళల్ల నానేసుకుని మింగుతున్నడట. నువ్వు జేసే రొట్టెలు కావాలె బిడ్డా. పాలు పోసి తడుపు. రేపు పొద్దున బస్సుకు పోతం."

అక్క చెంబు అందుకుంది. పిండి పళ్ళెంలో పోసి, పాలు పోసి తడపసాగింది. ఆండాళత్త పక్కన కూర్చుని కొడుకు చిన్నప్పటి కబుర్లు చెబుతోంది. దొడ్లో బావ గొర్రెపిల్లకు కట్టు కడుతున్నాడు. తడక ఒక్కటే అడ్డం, అన్నీ వినిపిస్తాయి. పిండి మీద తడిగుడ్డ కప్పి అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నానాలి. తప్పించుకోవడానికి చేతికి పనేమీ లేదు.

నానాక వత్తడం మొదలుపెట్టింది. రెండు రొట్టెలు కాల్చింది.

"గట్టయ్యకు గూడ రెండు పక్కకు తియ్యి. ఆకలితో ఉన్నట్టున్నడు" అంది ఆండాళత్త.

అక్క సీసా ఆపింది. "ఆయనకు అక్కర లేదు అత్తా."

"ఎందుకు?"

"ఆయన దవడకేం గాలే. ఎన్నడూ గాలే. సత్తయ్య యాడున్నడో సెప్పింది ఆయనే."

పెంక మీద రొట్టె పొంగుతోంది. తడక అవతల అలికిడి ఆగిపోయింది. ఆండాళత్త అక్క ముఖం చూసింది, నా ముఖం చూసింది. నేను తల తిప్పుకున్నాను. ఆమెకు అంతే చాలు.

"నీకెప్పుడు తెలిసింది?"

"నువ్వు పిండి తెప్పిచ్చిన నాడు."

"తెలిసి నా పాలు తీసుకున్నవ్."

"తీసుకున్న."

"నా సేతితోని తినిపిచ్చిన వానికి. నలుగుర్ల. నువ్వు సూసినవ్."

"సూసిన అత్తా."

కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. మాడు వాసన వచ్చింది. ఆండాళత్త చెయ్యి చాచి పెంక మీది రొట్టెను తిప్పింది. "మాడుతున్నది" అంది. గొంతులో ఏమీ లేదు. "వత్తు. పొద్దు పోతున్నది."

అక్క వత్తింది. ఆమె కాల్చింది. పిండి అయిపోయేదాకా అంతే. ఆ ఇద్దరి మధ్య అటు నుంచి ఇటు చేతులు మారే రొట్టెలను చూస్తూ నేను అక్కడ ఉండలేక, లేచి పోలేక నిలబడ్డాను. కాలిన రొట్టెలన్నీ గుడ్డలో చుట్టి ఆండాళత్త లేచింది. గడప దాటి ఆగింది.

"ఎవరికి సెప్ప. సెప్తే వాన్ని సంపుతరు. నువ్వు ముండమోస్తవ్. నా కొడుకైతే ఇంటికి రాడు." తర్వాత నా వైపు తిరిగి, "సదువొచ్చినోనివి నువ్వొక్కనివే ఉన్నవ్. జైలు కాయితాలు సూడాలె. పొద్దున వస్తవా?" అంది.

వస్తానన్నాను.

ఆ సాయంత్రమే బావ మందను విప్పుకుని కృష్ణ ఒడ్డు దిక్కు పోయాడు. వెళ్ళే ముందు అక్క ఎదుట కాసేపు నిలబడ్డాడు. ఆమె జొన్నరొట్టెలు మూట కట్టి చేతికిచ్చింది. ముఖం ఎత్తలేదు. గుడ్డ ఇంకా అతని దవడకే ఉంది. వాడ దాటాలి కదా.

జైల్లో సత్తయ్యను గుర్తుపట్టడానికి నాకు సమయం పట్టింది. ముఖం ఒక పక్కకు లాగేసినట్టుంది. అందరి క్షేమం అడిగాడు. "గట్టన్న మంచిగున్నడా?" అన్నాడు. ఎవరివల్ల దొరికాడో అతనికి తెలియదు. "ఉన్నడు" అంది ఆండాళత్త. గుడ్డ విప్పి రొట్టె తుంచి పెట్టింది. ఇంకా మెత్తగానే ఉంది. అతను మెల్లగా, ఒకవైపే ఆడిస్తూ తిన్నాడు. రెండోది తానే తీసుకున్నాడు.

"మస్తు మెత్తగున్నయే అమ్మా. ఎవరు జేసిండ్రు?"

ఆండాళత్త నా వైపు చూడలేదు. "మీ సుందరమ్మ చిన్నమ్మ. కోదాడ నుంచి వచ్చి చేసిచ్చింది" అంది.

ఇంటికి వచ్చేసరికి అక్క గడపలోనే కూర్చుని ఉంది.

"తిన్నడా?"

"తిన్నడు. నమలగలిగిండు."

"ఎవరు జేసిండ్రని అడిగిండా?"

అడగలేదని చెబుదామనుకున్నాను. ఆ ఇంట్లో అప్పటికే ఉన్న అబద్ధాలకు ఇంకొకటి కలపబుద్ధి కాలేదు. "అడిగిండు. సుందరమ్మత్త చేసిందని చెప్పింది" అన్నాను.

అక్క తల ఊపింది. "మంచిగ జెప్పింది. నా పేరు సెప్తే వానికి ఎట్ల దిగుతది?" లోపలికి పోయి చూసి వచ్చి, "పిండి ఇంకున్నది. మళ్ళెప్పుడు జైలుకు పోతదో అడిగి రా తమ్మీ. నేనడిగితే పలకదు" అంది.

వెళ్ళి అడిగాను. ఆండాళత్త బర్రెకు గడ్డి వేస్తోంది. తిరిగి చూడలేదు.

"పున్నం పోయినంక" అంది.

అక్కకు వచ్చి ఆ మాటే చెప్పాను.